శ్రమ కనిపించని చోట

తలకి వలలాంటి టోపీ తొడిగి, పదహారేళ్ల వినీలని కదలకుండా కూర్చోమన్నారు. ఎదురుగా తెర మీద పనులు ఒకదాని తరవాత ఒకటి వస్తున్నాయి. రెండు రాగాలు విని తేడా చెప్పాలి. ముక్కలైన ఆకారాన్ని మనసులోనే అతకాలి. తెలియని భాషలో మాటలు జతపరచాలి. మొత్తం నూట ఎనభై పనులు, మూడు గంటలు.

గోదావరిఖనిలో గనులు మూతపడి అప్పటికి తొమ్మిదేళ్లయింది. కార్మికుల పాత క్యాంటీన్‌నే పరీక్షా కేంద్రంగా మార్చారు. వినీల తండ్రి సమ్మయ్య మిగతా తల్లిదండ్రులతో పాటు వరండాలో బెంచీ మీద కూర్చుని ఉన్నాడు.

ఆ యంత్రం పేరు ప్రతిభామాపకం. దాన్ని తయారుచేసిన డాక్టర్ యశోధర స్వయంగా వచ్చి, అదెలా పనిచేస్తుందో వాళ్లకి వివరించింది. ఒకే పని ఇద్దరు చేస్తే ఇద్దరి మెదళ్లూ ఒకేలా కష్టపడవు. కష్టపడే మెదడు ఆక్సిజన్ ఎక్కువ వాడుకుంటుంది. ఆ వాడకాన్నే యంత్రం కొలుస్తుంది. ఏ పనిని మెదడు బాగా చేస్తూ కూడా తక్కువ కష్టపడిందో అదే ఆ పిల్లల ప్రతిభ. ఆ వయసుకి ఎవరూ దేనిలోనూ ఆరితేరి ఉండరు కాబట్టి, కనిపించే తేలిక పుట్టుకతో వచ్చిందే అనుకోవచ్చు. ప్రతిభ తేలాక ప్రతిభా నిధి అనే సంస్థ ఆ దారిలో చదివిస్తుంది. నెలనెలా కొంత డబ్బు ఇచ్చి, దాన్ని ఎలా వాడుకోవాలో కూడా నేర్పుతుంది.

వినీల ఫలితం సాయంత్రానికి వచ్చింది. ధన నిర్వహణ, నూటికి తొంభై ఏడు. ఆరు ఖర్చులు చూపించి, నాలుగింటికే సరిపోయే డబ్బిచ్చి, ఏవి ఆపుతావని అడిగిన పనిలో ఆమె మెదడు దాదాపు కష్టపడనేలేదు. ఆకారాలు అతికే పనిలో డెబ్బై ఒకటి వచ్చింది. మూడు గంటల్లో తనకి నచ్చింది అదొక్కటేనని, అది నేర్చుకోవచ్చా అని వినీల అడిగింది. తొంభై ఏడు ఉండగా డెబ్బై ఒకటి వెంట పడటం ఆమెకే నష్టమని డాక్టర్ నచ్చజెప్పింది.

"మా బిడ్డ ఆఫీసర్ అయితదా మేడమ్?" అని సమ్మయ్య అడిగాడు.

అవుతుందంది డాక్టర్. అలాగే అయింది. ఇరవై ఏడేళ్లు వచ్చేసరికి వినీల హైదరాబాద్‌లో ప్రతిభా నిధికే ఆర్థికాధికారి. తల్లికి మంచి ఆసుపత్రిలో డయాలసిస్ జరుగుతోంది. ఉప్పల్‌లో ఇల్లు అద్దెకి తీసుకుని తల్లిదండ్రులని తెచ్చుకుంది. ఒక్క రూపాయి వృథా చేసేది కాదు. పని బాగా చేసేది. అది ఇష్టమా అని ఆమెని ఎవరూ అడగలేదు.

ఒక రోజు డాక్టర్ యశోధర ఆమె ఆఫీసుకి వచ్చింది. జుట్టు పూర్తిగా నెరిసిపోయింది. పదకొండేళ్ల ఫలితాలు తెచ్చి బల్ల మీద పెట్టింది. గోదావరిఖని లాంటి ఊళ్లలో పదిమందిలో ఏడుగురికి ధన నిర్వహణే ప్రతిభగా వచ్చింది. నగరంలోని పెద్ద బడుల్లో ఇరవైమందిలో ఒకరికి కూడా రాలేదు.

"పరీక్షకి ముందు నువ్వు ఇంట్లో ఏం చేసేదానివమ్మా?"

వినీల చెప్పింది. తనకి పదేళ్లున్నప్పుడు అమ్మ కిడ్నీలు పాడయ్యాయి. అప్పటినుంచి బియ్యం, గ్యాసు, మందులు, కరెంటు బిల్లు అన్నీ తనే చూసుకునేది. ప్రతి నెలా వాటిలో ఏది వాయిదా వేయాలో తనే తేల్చేది.

డాక్టర్ బల్ల మీది ఫలితాల్లోంచి వినీల కాగితం బయటికి తీసింది. తరవాత నెమ్మదిగా అంది.

"ఆరేళ్లు రోజూ సాధన చేశావు. యంత్రం దాన్ని పుట్టుకతో వచ్చిందనుకుంది. సంగీతం నేర్చుకున్న పిల్లలకి ఆ తేలిక సాధన వల్ల వచ్చి ఉండొచ్చని జాగ్రత్తపడ్డాను. లేమిని కూడా పిల్లలు సాధన చేస్తారని నాకు తట్టలేదు."

"మరి నా ప్రతిభ ఏది మేడమ్?"

"ఆ ఆకారాల పని కావచ్చు. ఎప్పుడూ చేయని పనిలో అంత తేలిక నేను ఇంకెవరిలోనూ చూడలేదు."

వినీల కిటికీ వైపు తిరిగి కూర్చుంది. డాక్టర్ వచ్చిన పని చెప్పింది. అలవాటుని తీసివేసి ప్రతిభని మాత్రమే కొలిచేలా యంత్రాన్ని సరిచేసింది. ఇప్పుడు రెండు లక్షల మందికి మళ్లీ ఉచితంగా పరీక్ష చేయాలి. దానికి నిధి డబ్బు ఇవ్వాలి.

వినీల నాలుగు రోజులు లెక్కలు చూసింది. ఆ డబ్బు ఇస్తే రాబోయే రెండేళ్ల పిల్లలకి నెలసరి సాయం ఆగిపోతుంది. ఎటునుంచి చూసినా అదే తేలింది. తప్పు దొరకాలని వెతికింది, దొరకలేదు. చివరికి ఉచిత పరీక్షకి వీల్లేదని రాసి, కావలసినవాళ్లు పన్నెండు వేలు కట్టి మళ్లీ చేయించుకోవచ్చని ప్రతిపాదించింది.

"వాళ్లు కట్టగలరా?" అని డాక్టర్ అడిగింది.

"కట్టగలరు మేడమ్. అందరి దగ్గరా పొదుపు ఉంది. మేమే నేర్పాం."

ఆ ఏడాది ఆరువేలమంది వచ్చారు. దాదాపు అందరూ పెద్ద బడుల్లో చదివినవాళ్లే, మొదటి పరీక్ష ఫలితం ఇంచుమించు సరిగ్గా వచ్చినవాళ్లే. గోదావరిఖని నుంచి ఒక్కరూ రాలేదు. నిధి సిబ్బంది ఫోన్లు చేసి విషయం వివరంగా చెప్పారు. అందరూ మర్యాదగా విన్నారు. ఉద్యోగం ఉంది, జీతం వస్తోంది, ఇంకేదో ప్రతిభ ఉందని తెలుసుకోవడానికి పన్నెండు వేలు పెడితే తిరిగి వచ్చేదేమిటని అడిగారు. ఏ ఖర్చుకైనా ముందు ఆ ప్రశ్న వేసుకోమని నిధే వాళ్లకి నేర్పింది.

డాక్టర్ యశోధర మళ్లీ ఆ ఆఫీసుకి రాలేదు. రాజీనామా చేసిందని కొన్నాళ్లకి తెలిసింది.

ఒక మధ్యాహ్నం వినీల తన కోసం ఆ మలి పరీక్ష ఫారం తెరిచింది. పేరు రాసింది, పుట్టిన తేదీ రాసింది. ఫీజు పేజీ దగ్గర ఆగింది. ఆ ప్రతిభ నిజమే అయితే మొదటినుంచీ నేర్చుకోవాలి. నాలుగేళ్లు జీతం ఉండదు. అమ్మ వైద్యం ఉంది, ఇంటి అద్దె ఉంది. ఏది వాయిదా వేయాలో క్షణంలో తేలిపోయింది.

ఫారం మూసేసింది. అప్పటికి ఆమె ఖాతాలో అలాంటి ఫీజులు మూడు వందలు కట్టగలిగినంత డబ్బు ఉంది.