మళ్ళీ చెప్పమన్న కేతకి

తామ్రపురి రాజ్యంలో పెద్దలు ఏం చెప్పినా వెంటనే "చిత్తం" అనడం మర్యాద. "ఏమన్నారు?" అని తిరిగి అడగడం తలవంపులు. అందుకని రాజుగారి మాట అర్థంకాని మంత్రి కూడా "చిత్తం" అనేసి, ఇంటికి వెళ్ళి జుట్టు పీక్కునేవాడు.

అలాంటి రాజ్యానికి పెద్ద కష్టం వచ్చిపడింది. శాపం తగిలి, వాళ్ళ నది గాలికొండ గుహలో ఒక రాగి కలశంలో బందీ అయింది. ఊళ్ళన్నీ దాహంతో అల్లాడుతున్నాయి. నదిని విడిపిస్తామని వెళ్ళిన వీరులెవరూ తిరిగి రాలేదు. చివరికి కంచర వీధిలో బిందెలు చేసే సోమన్న బయలుదేరాడు. అతడూ రాలేదు.

సోమన్న చెల్లెలు కేతకి. తల్లీతండ్రీ లేని ఆ పిల్లకు అన్నే లోకం. వినికిడి పరీక్షించడానికి వైద్యుడు వెనక నిలబడి చిరుగంట మోగిస్తే చటుక్కున తిరిగి చూసేది. కానీ సుత్తుల మోతలో, జనం గోలలో ఎవరైనా మాట్లాడితే మాటలన్నీ కలగాపులగమై చేరేవి. గబగబా నాలుగు పనులు చెబితే మొదటిదే గుర్తుండేది. పిల్లలూ, ఆ అమ్మాయి చెవిలో లోపం లేదు, తెలివిలోనూ లేదు. ఆ రెంటికీ మధ్య దారిలో మాట చిక్కుపడేది, అంతే. గురువుగారు మాత్రం "వినపడుతూనే ఉంది, మొండిఘటం" అని తేల్చేశారు. తోటి పిల్లలు ఆటకు పిలవడం మానేశారు.

అన్న ఒక్కడే సుత్తి పక్కన పెట్టి, ఎదురుగా కూర్చునేవాడు. "నా మొహం చూడు తల్లీ. ఒక్కోటీ చెప్తాను. నువ్వు మళ్ళీ నాకు చెప్పు" అనేవాడు. అతడు వెళ్ళాక ఆమెతో అలా మాట్లాడే మనిషే లేకుండా పోయాడు. వీధి నిండా జనం ఉన్నా కేతకి ఒంటరిదైపోయింది. ఆ బాధ భరించలేక అన్నను వెతుక్కుంటూ అడవిదారి పట్టింది.

అడవి అంచున ఒక ముని ఆశ్రమం ఉంది. కేతకి గాలికొండకు దారి అడిగితే, శిష్యుల వల్లెవేతల హోరులోనే ముని గడగడా చెప్పేశాడు.

"స్వామీ, కాస్త అవతలికొచ్చి చెప్తారా? ఇక్కడ నాకు మాటలు అందట్లేదు" అంది కేతకి.

"వీరులంతా ఒక్కసారికే తల ఊపి వెళ్ళారు. నీకేం వచ్చింది?"

"వాళ్ళెవరూ తిరిగి రాలేదు కదా స్వామీ!"

ముని దగ్గి, గొంతు సవరించుకుని, ఆశ్రమం బయటున్న పుట్ట పక్కకు వచ్చాడు. "ఎర్రమట్టి బాట విడవకు. చిలకల తోపులో ఎవరు పిలిచినా ఆగకు" అని నిదానంగా చెప్పాడు. కేతకి ఆ మాటలు తిరిగి అప్పజెప్పాక గానీ అక్కణ్ణించి కదలలేదు.

చిలకల తోపులో మాయచిలకలు ఆత్మీయుల గొంతులతో పిలుస్తాయి. ఆ పిలుపులకు బాట దిగి దారి తప్పినవారు ఎందరో. వేల చిలకలు ఒక్కసారిగా అరిచేసరికి కేతకికి హోరు తప్ప మరేమీ అందలేదు. అందులో తన అన్న గొంతు ఉందో లేదో కూడా పోల్చుకోలేకపోయింది. అందుకు వెక్కివెక్కి ఏడ్చింది. ఏడుస్తూనే ఎర్రబాట మీద నడిచింది.

గాలికొండ గుహలో గాలి హోరుమంటోంది. రాగి కలశం చుట్టూ రాతి మనుషులు నిలబడి ఉన్నారు. వాళ్ళలో సోమన్న ఉన్నాడు. తానూ రాయైతే అన్నను విడిపించేవారే ఉండరని కేతకి భయపడింది. చీకట్లోంచి ఒక యక్షుడు ఏదో చెప్పాడు. అలవాటుగా "చిత్తం" నోటిదాకా వచ్చింది. దాన్ని మింగేసింది.

"నాకు అర్థం కాలేదు. మళ్ళీ చెప్పండి."

యక్షుడు గుహ అదిరేలా అరిచాడు.

"గట్టిగా వద్దు. బయటికొచ్చి, నా ఎదురుగా కూర్చుని, మెల్లగా చెప్పండి."

తాటిచెట్టంత యక్షుడు వంగి బయటికొచ్చి, బాసిపట్టు వేసుకుని కూర్చున్నాడు. అతడి కళ్ళు చెమర్చాయి. "అమ్మాయీ, శాపం వల్ల నేనూ ఇక్కడే చిక్కుకున్నాను. విడుదలయ్యే దారి వచ్చినవాళ్ళందరికీ చెప్పాను. గాలిలో వినపడకపోయినా చిత్తమన్నారు, తోచింది చేసి రాళ్ళయ్యారు. మళ్ళీ చెప్పమని ఒక్కరూ అడగలేదు."

"ఇప్పుడు చెప్పండి. ఒక్కోటీ."

"కలశాన్ని ఎత్తకు."

"ఎత్తను."

"ఉన్నచోటే వంచు. తొలి నీళ్ళు రాళ్ళ మీద పడాలి."

"ఉన్నచోటే వంచుతాను. తొలి నీళ్ళు రాళ్ళ మీద పడాలి."

ఆమె అలాగే చేసింది. నీళ్ళు తగిలి రాతి మనుషులు ఒక్కొక్కరే కళ్ళు విప్పారు. యక్షుడు దణ్ణం పెట్టి ఆకాశానికి ఎగిరిపోయాడు. సోమన్న చెల్లెల్ని చూసి ఏదో అన్నాడు. గాలి హోరులో అది ఆమెకు అందలేదు. నవ్వుతూ అతడి చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చింది.

"ఇప్పుడు చెప్పన్నా!"

"ఒక్కదానివే ఎలా వచ్చావే నా తల్లీ!"

నది వెంటే వాళ్ళు ఊరు చేరారు. మేళతాళాల మధ్య రాజు ఏం కావాలో కోరుకోమన్నాడు. "అర్థం కాలేదు ప్రభూ, మళ్ళీ చెప్పండి" అంది కేతకి. సభ బిగుసుకుపోయింది. రాజు మేళం ఆపించి, సింహాసనం దిగి, ఆమె ఎదుట నిలబడి అడిగాడు.

"ఇకమీద ఎవరైనా మళ్ళీ అడగొచ్చని చాటించండి. అడిగినవాళ్ళకి ఇలాగే చెప్పాలి" అని కోరుకుంది కేతకి.

రాజు సరేనన్నాడు. అందరికంటే ముందు మంత్రి చెయ్యెత్తాడు. "ప్రభూ, కిందటేడు మీరిచ్చిన ఆజ్ఞ ఒకటి..."

మర్నాడు కంచర వీధి ఎప్పటిలాగే సుత్తులతో మోగుతోంది. పక్కింటి మల్లిక పరుగున వచ్చి, కేతకిని అరుగు చాటుకు తీసుకెళ్ళి, మొహంలో మొహం పెట్టి అడిగింది.

"ఆడుకుందాం, వస్తావా?"

ఆ మాట కేతకికి మొదటిసారే అర్థమైంది.