రేకు చుట్టిన నరం

తెర మీద తన చేతి నరమే కదులుతూ కనిపిస్తుంటే వీరవేణి కళ్లార్పడం మరిచిపోయింది.

విశాఖలోని ఆ ల్యాబ్‌లో ఆమె కుడిచెయ్యి మోచేతి దాకా ఒక గాజు గొట్టంలో ఉంది. కొబ్బరికాయ కొడుతుంటే కత్తి జారి మణికట్టు దగ్గర నరం తెగింది. గాయం మానింది గానీ వేళ్లు మొద్దుబారిపోయాయి. ఆత్రేయపురంలో పూతరేకులు తీసే మనిషికి అంతకన్నా కష్టం ఏముంటుంది? బోర్లించిన కుండ కింద మంట, పైన పిండినీళ్లలో ముంచిన గుడ్డతో ఒక్క పూత. రెండు చేతుల వేళ్లూ కలిస్తేనే రేకు చిరగకుండా లేస్తుంది. వేడి తెలియక ఆమె రెండుసార్లు చెయ్యి కాల్చుకునేసరికి, "ఇంక మీరు కూర్చోండి అత్తయ్యా" అంటూ కోడలు పొయ్యి ముందు నుంచి లేపేసింది. కాలిన పుండు కన్నా ఆ మాటే ఎక్కువ మండింది.

ఈ గాజు గొట్టం పేరు శిశునాడి. తెగిన నరాన్ని కడుపులో బిడ్డ నరంలా మార్చి, మళ్లీ మొదటి నుంచీ ఎదిగిస్తుంది.

"తీగల్లా సాగుతున్నాయే, అవి ఆక్సాన్లు. కబుర్లు మోసేది ఇవే" అన్నాడు డాక్టర్ ఫణిభూషణ్. "వాటిని పట్టుకుని పాకుతున్నవి ష్వాన్ కణాలు. ఒక్కో కణం ఒక్కో లావు ఆక్సాన్‌ని ఎంచుకుని దానికి మైలిన్ అనే కొవ్వు పొరలు చుడుతుంది. పొరలుంటే కబురు పరుగెత్తుతుంది, లేకపోతే నడుస్తుంది."

"అచ్చం మా పూతరేకేనండీ!" అని మురిసిపోయింది వీరవేణి.

అంతలో ఓ మూల ఆమె చూపు ఆగింది. అక్కడ ఒకే కణం బోలెడు సన్న ఆక్సాన్లను గుత్తిగా పట్టుకుని ఊరుకుంది.

"వీటికి చుట్టలేదేంటండీ?"

"నాకు చుట్టు అని ఆక్సానే సిగ్నల్ పంపాలమ్మా. సన్నవాటి సిగ్నల్ చాలదు. ఎక్కువగా వేడీ మంటా మోసేవి ఇవే."

వీరవేణికి మనసొప్పలేదు. పూర్తిగా చుట్టని రేకుని పెట్టెలో పెట్టడం ఆమె ఎరగదు. "చిన్నవని అలా వదిలేస్తారేంటండీ, పాపం! ఆ సిగ్నలేదో మీరే పెంచి వాటికీ చుట్టించండి. సగం పని నాకొద్దండీ."

డాక్టర్ నవ్వాడు. తర్వాత నవ్వు ఆపి యంత్రం వైపు చూశాడు. సిగ్నల్ పెంచే మీట దానికి ఉంది, మనిషి మీద ఇంతవరకూ ఎవరూ తిప్పి చూడలేదు. వద్దని చెప్పాల్సిన మనిషికే ఆత్రం ఎక్కువైంది. తిప్పేశాడు.

కొన్ని నెలలకి వేళ్ల మీద చీమ పాకినా తెలిసేంతగా స్పర్శ వచ్చింది. మొదటి రేకు చూడాలని డాక్టరే ఆత్రేయపురం వచ్చాడు. కోడలు పొయ్యిలోకి ఎండుటాకులు ఎగదోసింది. వీరవేణి గుడ్డతో పూత వేసింది. రేకు తెల్లగా తేలగానే అంచు అందుకోబోయింది.

చెయ్యి ఎగిరి వెనక్కి వచ్చేసింది.

మళ్లీ చాపింది. మళ్లీ ఎగిరింది. కాలలేదు, కనీసం ఎర్రబడలేదు. "నేను లాగలేదండీ! అదే వచ్చేసిందండీ!" అని అరిచింది. ఈలోగా రేకు కుండ మీదే మాడిపోయింది.

డాక్టర్ ఆమె వేళ్లు పట్టుకుని తిప్పి చూశాడు.

"మామూలుగా అయితే, తాకిన సంగతి ముందు తెలుస్తుందమ్మా, మంట కాస్త వెనక వస్తుంది" అన్నాడు. "ఆ రెంటికీ మధ్య చిన్న సందు ఉంటుంది. ఇన్నేళ్లూ మీరు రేకు తీసింది ఆ సందులోనే. ఇప్పుడు మంట కూడా పరుగెత్తుకొచ్చేస్తోంది, మీరు అనుకునేలోపే చెయ్యి వెనక్కి లాగేస్తోంది. ఇంక మీ చెయ్యి ఎప్పటికీ కాలదు."

"కాలని చెయ్యి నాకెందుకండీ? చుట్టింది విప్పెయ్యండి!"

"ఒకసారి చుట్టాక ఆ కణం వదలదు. నరం తెగితేనే మళ్లీ మొదటికొస్తుంది."

కోడలు నోరు నొక్కుకుంది. వీరవేణి లోపలికెళ్లి కొబ్బరికాయలు కొట్టే కత్తి తెచ్చి డాక్టర్ ముందు పెట్టింది. కుడిచేతిని పీట మీద చాపింది.

"తెగ్గొట్టండి. ఈసారి చిన్నవాటి జోలికి పోకండి."

మీట తిప్పడానికి క్షణం ఆలోచించని డాక్టర్ ఆ కత్తిని ముట్టుకోలేకపోయాడు.