హాజరు పట్టీలో మొదటి పేరు

ధడ్!

వెనకనుంచి దెబ్బ.

లూసీల్ ఆడెట్ చేతుల్లో స్టీరింగ్ గింజుకుంటుంది. గట్టిగా పట్టుకుంటుంది. అద్దంలో చూస్తుంది. పికప్ ట్రక్. రెండు పెద్ద లైట్లు. నంబరు ప్లేటు కనపడకుండా మంచు మెత్తి ఉంది. పడిన మంచు అలా ఉండదు. చేత్తో మెత్తినట్టుంది.

టైము నాలుగూ నలభై. అప్పుడే చీకటి. జనవరిలో ఇక్కడ సూర్యుడికి పని తక్కువ.

ఐదున్నరకి రాష్ట్ర సెనేట్‌లో ఓటింగ్.

రాజధాని ఇంకా ముప్పై మైళ్లు.

ధడ్.

మొదటి దెబ్బ పొరపాటనుకుంది. రెండోది పొరపాటు కాదు.

ఆమె వెళ్లి తీరాలి. సెనేట్‌లో ముప్పై ఐదుగురు. ఆమె పార్టీ పద్దెనిమిది. అవతలి పార్టీ పదిహేడు. ఆమె లేకపోతే పదిహేడు, పదిహేడు. సమానమైతే బిల్లు పోయినట్టే.

బిల్లు పోతే శుక్రవారం ఆమె ఊరు సెయింట్ ఆంజ్‌లోని ఆసుపత్రికి తాళం పడుతుంది. అందులో డయాలసిస్ కుర్చీలు పన్నెండు. మూడో కుర్చీ ఆమె చెల్లెలు ఒడీల్‌ది. వారానికి మూడుసార్లు. తర్వాతి ఆసుపత్రి తొంభై మైళ్ల అవతల. ఒడీల్ ఒంట్లో ఉన్న ఓపికకి, ఈ మంచులో తొంభై మైళ్లు వెళ్లమనడం చావమనడమే.

ఇవాళ మధ్యాహ్నం కూడా లూసీల్ ఆమెని ఆ కుర్చీలో కూర్చోబెట్టే బయల్దేరింది.

"ఇంకా ఇక్కడే ఉన్నావేంటక్కా? నా రక్తం ఈ మిషను కడుక్కుంటుంది. నువ్వెళ్లి నీ పని చూడు" అంది ఒడీల్.

ఈ బిల్లు గవర్నర్ స్టోడార్డ్‌కి గిట్టదు. ఆయనది అవతలి పార్టీ. దేశాధ్యక్షుడు కావాలని ఆయన కోరిక. బడ్జెట్లో ఒక్క డాలరు పెంచలేదని ఊరూరా చెప్పుకోవాలి. సభ దాటి వచ్చిన బిల్లుని ఆపితే, ఆసుపత్రి మూయించిన చెయ్యి తనదే అవుతుంది. అందుకే అది సభలోనే చావాలి.

స్టోడార్డ్ మనుషులే. ఇంకెవరు?

ధడ్!

ఈసారి కారు గిర్రున తిరుగుతుంది. రోడ్డు పక్క మంచు దిబ్బలోకి దూసుకుపోయి ఆగుతుంది. సీటు మీది ఫోను ఎక్కడో కిందపడింది. వెతకడానికి టైము లేదు.

వెనక ట్రక్కు తలుపు తెరుచుకున్న చప్పుడు.

లూసీల్ దిగి పరుగెత్తుతుంది. అరవై మూడేళ్లు. ముప్పై ఏళ్లు నర్సుగా వార్డుల్లో తిరిగిన మోకాళ్లు. కింద గడ్డకట్టిన సరస్సు. దాని మీద చేపలు పట్టేవాళ్ల గుడిసెలు, అగ్గిపెట్టెల్లా.

ఆమె మంచుగడ్డ మీద పాదం ఎత్తకుండా, బల్లపరుపుగా జరుపుకుంటూ పోతోంది. పుట్టినప్పటినుంచీ అలవాటు.

వెనక దబ్బుమని చప్పుడు. తర్వాత బూతు.

వాడు పడ్డాడు.

ఈ ఊరివాడు కాదు. మడమ ఆనించి నడిచేవాడు ఈ ఊరివాడు కాడు.

మొదటి గుడిసె. తలుపు తోస్తుంది. తెరుచుకుంటుంది. ఇక్కడ ఏ గుడిసెకీ తాళం వెయ్యరు. చలికి చచ్చేవాడెవడైనా వస్తాడేమోనని. లోపల గడియ కూడా ఉండదు.

ఆ సంగతి ఆమెకిప్పుడు గుర్తొచ్చింది.

ఇనప పొయ్యి ఇంకా వెచ్చగా ఉంది. తుఫాను వస్తోందని మనిషి ఇంటికి పోయినట్టున్నాడు. నేల మధ్యలో, మంచుగడ్డలో కోసిన చదరం. కుర్చీ పట్టేంత. కింద నల్లటి నీళ్లు. మేకుకి వేలాడుతున్న రేడియో. ఆపకుండా వెళ్లిపోయాడు.

రేడియోలో సెనేట్.

"సభ్యులు కూర్చోవాలి. కూర్చోండి."

గ్రేసన్ కీఫ్ గొంతు. సభాధ్యక్షుడు. లూసీల్ పార్టీ నాయకుడు. ఈ ఆసుపత్రి బిల్లుకి ముఖం ఆయనదే. ఆయన పేరు కూడా ఏదో ఒకరోజు దేశాధ్యక్ష పదవికి వినిపిస్తుందని పేపర్లు రాస్తున్నాయి.

తర్వాత కాగితం విప్పుతున్న కరకర. దగ్గు బిళ్ల. సభ ముగిసిందని ఆఖరి సుత్తి దెబ్బ పడేదాకా అధ్యక్షుడి మైకు ఆపెయ్యరు. ఇక్కడి రివాజు అది. ఆయన దగ్గు, దగ్గు బిళ్ల కాగితం చప్పుడు రాష్ట్రమంతా వినాల్సిందే.

పొద్దున ఫోన్ చేసింది కూడా కీఫే. "మంచు పడుతోంది లూసీల్. ఏ దారిన వస్తున్నావ్? జాగ్రత్తగా రా."

తలుపు తెరుచుకుంటుంది.

పొడుగాటి మనిషి. చేతిలో పిస్తోలు. కనుబొమ్మల నిండా మంచు. తలుపు వెనక్కి నెట్టి, మఫ్లరు విప్పి పొయ్యి మీద ఆరేస్తాడు. పడ్డప్పుడు తడిసినట్టుంది.

ముఖం దాచుకోవడం లేదు. అది మంచి సూచన కాదు.

"కూర్చోండి సెనేటర్ గారూ. గంట పని. అయ్యాక మీ దారి మీది, నా దారి నాది."

"నా కారు పాడు చేశావ్."

"ఇన్సూరెన్స్ ఉంటుందిగా."

"గవర్నర్ నీకేం ఇస్తానన్నాడు?"

వాడు నవ్వుతాడు. "రాజకీయాలు నాకెందుకమ్మా. ఎన్నికల రోజు మా ఆవిడ ఓటేస్తుంది. నేను పడుకుంటాను."

లూసీల్ రేడియో వైపు చూస్తుంది.

"దాన్ని ముట్టుకోకండి. బిల్లు పోయిందని నా చెవులతో వినాలి. అప్పుడే మిమ్మల్ని వదలమన్నారు."

ఆమె తలకిందులుగా బోర్లించిన బకెట్ మీద కూర్చుంటుంది. పక్కనే నల్లటి నీళ్లు.

పొయ్యిలో నిప్పులు తగ్గుతుంటాయి. వాడు రెండు కట్టెలు తోస్తాడు. పిస్తోలు మాత్రం చేతిలోంచి దిగదు. సభలో ఉపన్యాసాలు సాగుతుంటాయి. ఒకళ్లు ఆసుపత్రి అంటారు. ఇంకొకళ్లు పన్నులంటారు. ఎవరికీ ఖాళీ కుర్చీ కనపడలేదా?

ఐదున్నర.

"అధ్యక్షా, ఒక్క మాట."

ముసలి గొంతు. హార్లన్ థర్లో. డెబ్బై నాలుగేళ్లు. బంగాళదుంపల రైతు. అవతలి పార్టీ. ఈ బిల్లుని నెలరోజులుగా నోరు నొచ్చేలా తిడుతున్నాడు. పోయిన మార్చిలో ఆయన భార్య ఎడ్నా చావుబతుకుల్లో ఉన్నప్పుడు లూసీల్ నాలుగు రోజులు సభలో ఓటు వెయ్యకుండా కూర్చుంది. సొంత పార్టీవాళ్లు దుమ్మెత్తి పోశారు. హార్లన్ థాంక్స్ కూడా చెప్పలేదు. పైగా జూన్‌లో ఆమె పార్కు బిల్లుని ఓడించాడు.

"చెప్పండి థర్లో గారూ."

"సెయింట్ ఆంజ్ సభ్యురాలి కుర్చీ ఖాళీగా ఉంది."

"గమనించాను."

"ఆవిడ ఓటు మీ బిల్లుకే కదయ్యా. మరి పిలుపు ఇవ్వరేం?"

లూసీల్ బకెట్ మీంచి రేడియో వైపు వంగుతుంది.

పిలుపు ఇస్తే సభ తలుపులు మూసేస్తారు. ఓటింగ్ ఆగిపోతుంది. రాని సభ్యుణ్ని పోలీసులు ఎక్కడున్నా వెతికి తెస్తారు. ఆమె కారు రోడ్డు పక్కనే ఉంది. లైట్లు వెలుగుతూనే ఉన్నాయి. పది నిమిషాల్లో దొరుకుతుంది.

వాడికీ ఏదో అర్థమైంది. పిస్తోలు పట్టు బిగిస్తాడు.

రేడియోలో దగ్గు బిళ్ల కరకర.

"అవసరం లేదు" అంటాడు కీఫ్. "ఈ తుఫానులో పోలీసులకి వేరే పనులున్నాయి. పేర్లు చదవండి."

లూసీల్ కదలదు.

పిలుపు అడిగింది ప్రత్యర్థి. వద్దన్నది సొంత నాయకుడు.

ఒక్క ఓటు తగ్గితే బిల్లు చస్తుందని కీఫ్‌కి తెలియదా?

ఏ దారిన వస్తున్నావ్ లూసీల్?

ఆసుపత్రి నిలబడితే కీఫ్‌కి ఒక రోజు చప్పట్లు. మూతపడితే? తాళం వేసిన తలుపు, బయట చక్రాల కుర్చీలో ఒడీల్ లాంటి మనిషి. ఆ ఫోటో చాలు. స్టోడార్డ్ ఎక్కడ నిలబడినా అది వెంటాడుతుంది. వచ్చే ఎన్నికలదాకా.

"నా దారి నీకెవరు చెప్పారు?"

వాడు పొయ్యి వైపు చూస్తాడు.

"ఆడెట్" అంటాడు గుమస్తా రేడియోలో.

హాజరు పట్టీలో మొదటి పేరు ఎప్పుడూ ఆమెదే.

"ఆడెట్."

"ఇక్కడున్నాను" అంటుంది లూసీల్, మెల్లగా.

"ఊరుకోండమ్మా" అంటాడు వాడు.

"గైర్హాజరు" అంటాడు గుమస్తా.

పేర్లు సాగుతాయి. అవును. కాదు. కాదు. అవును. ఆమె వేళ్ల మీద లెక్కపెడుతోంది. వాడూ ఎడమచేతి వేళ్లు ముడుస్తున్నాడు. మధ్యలో తడబడతాడు.

"మీవాళ్లు పదకొండా, పన్నెండా?"

"పన్నెండు."

"థాంక్స్."

ఒక్కరూ గీత దాటడం లేదు. పార్టీకి పార్టీ. గోడకి గోడ.

"థర్లో."

గుమస్తా ఆగి, మళ్లీ పిలుస్తాడు.

"థర్లో."

కుర్చీ కిర్రుమంటుంది. "నేను ఓటు వెయ్యను."

సభలో గోల. సుత్తి రెండుసార్లు పడుతుంది.

"కారణం?" కీఫ్ గొంతు పదునెక్కింది.

"సెయింట్ ఆంజ్ సభ్యురాలితో నాకు జత ఉంది. ఆవిడ ఉంటే అవునంటుంది. నేనైతే కాదంటాను. ఆవిడ రాలేదు కాబట్టి నేనూ వెయ్యను."

"జతా? ఎప్పటిది?"

"పోయిన మార్చి. ఆసుపత్రి వరండాలో. లోపల ఎడ్నా ఉంది. ఈవిడొచ్చి, 'నువ్వు భార్య దగ్గరుండు హార్లన్, నువ్వు లేనిరోజు నేనూ ఓటెయ్యను' అంది. 'నువ్వు లేనిరోజు నేనూ వెయ్యను' అన్నాను. చెయ్యి కలిపాం."

"అది మార్చి నాటి మాట. దాని కాలం చెల్లింది."

"ఎడ్నా కాలం చెల్లింది అధ్యక్షా. మాటకి మేం తేదీ పెట్టుకోలేదు."

ఎవరో కుర్ర గొంతు అరుస్తుంది. "మన పార్టీని ముంచుతున్నావ్ హార్లన్!"

"కూర్చో నాయనా. నువ్వు పుట్టకముందు నుంచీ ఉంది ఈ రివాజు."

లూసీల్ కళ్లు మసకబారతాయి. ఆ వరండా గుర్తుంది. ఆయన ఏదో గొణగడం గుర్తుంది. ఏడుస్తున్నాడనుకుంది. జవాబిస్తున్నాడనుకోలేదు.

"విన్స్‌లో."

"కాదు."

"పదహారు, పదహారు" అంటాడు గుమస్తా. "ఇక అధ్యక్షుల వారు."

అధ్యక్షుడి పేరు ఆఖర్న పిలవడం ఆచారం.

దగ్గు బిళ్ల చప్పుడు కూడా లేదు.

కాదనలేడు. రాష్ట్రంలో ఏ గోడ చూసినా ఆ ఆసుపత్రి ముందు నిలబడిన ఆయన ఫోటోనే. పదిహేడు, పదిహేడని నమ్మి, ధీమాగా అవుననడానికి కూర్చున్న మనిషి. పార్టీలని లెక్కపెట్టాడు. ముసలాయన మాటని లెక్కపెట్టలేదు.

"...అవును."

"పదిహేడు, పదహారు."

సుత్తి.

బిల్లు నెగ్గింది. మూడో కుర్చీ ఉంటుంది. లూసీల్ రెండు చేతులూ ముఖానికి అడ్డం పెట్టుకుంటుంది.

"ఇదేంటి?" వాడు లేస్తాడు. "నెగ్గిందా?"

"నెగ్గింది."

"పోయాక వదలమన్నారు. నెగ్గితే ఏం చెయ్యాలో చెప్పలేదు."

పళ్లతో గ్లవ్ లాగేస్తాడు. ఫోను తీసి నంబరు నొక్కుతాడు. పిస్తోలు ఆమె ఛాతీ మీదే ఉంది.

రేడియోలో గుమస్తా తర్వాతి బిల్లు చదువుతున్నాడు. ఏదో వంతెన గురించి.

దాని మధ్యలో... బర్ర్... బర్ర్...

చెక్క బల్ల మీద ఫోను వణుకుతున్న చప్పుడు.

లూసీల్ వాడి చేతిలోని ఫోను చూస్తుంది. రేడియో చూస్తుంది.

బర్ర్... ఆగిపోతుంది.

"ఇప్పుడా చేస్తావ్?" ఫోనులో గుసగుస.

ఒక్క ఊపిరి ఆలస్యంగా, రేడియోలో... "ఇప్పుడా చేస్తావ్?"

వాడు వినలేదు. చెవికి ఫోను నొక్కిపెట్టుకున్నాడు. "బిల్లు నెగ్గింది సార్. ఈవిణ్ణి ఏం చెయ్యమంటారు?"

"నీ ముఖం చూసిందా?"

"చూసింది."

"ఇంకేం అడుగుతావ్ మరి? ఆ సరస్సులోనే దించెయ్. తెల్లారేసరికి గడ్డ కట్టేస్తుంది."

ఒక్క ఊపిరి.

"...ఆ సరస్సులోనే దించెయ్. తెల్లారేసరికి గడ్డ కట్టేస్తుంది" అంటుంది రేడియో. ఈ గుడిసెలో. వంటిళ్లలో. ట్రక్కుల్లో. పోలీసు కార్లలో. డయాలసిస్ వార్డులో, మూడో కుర్చీ పక్కన.

వాడి తల మెల్లగా రేడియో వైపు తిరుగుతుంది. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

వంతెన బిల్లు ఆగిపోయింది. సభలో ఎవరూ దగ్గడం లేదు.

పిస్తోలు కిందికి వాలుతుంది. ఒక అంగుళం. ఇంకో అంగుళం.

లూసీల్ చెయ్యి చాపి రేడియో సౌండు పెంచుతుంది.

ఎక్కడో ఒక పాత కుర్చీ కిర్రుమంటుంది.

"ఏ సరస్సు, అధ్యక్షా?" అంటాడు హార్లన్ థర్లో.