మూడో లోడు

"ఈ లోడు వద్దు. వెనక్కి తీసుకెళ్లండి."

లారీ దిగబోతున్న అతను ఒక కాలు గాల్లోనే ఉంచి ఆగిపోయాడు.

సిమెంటు ఫ్యాక్టరీ గేటు దగ్గర గొడుగు పట్టుకుని, పరీక్ష కాగితంతో నిలబడి ఉంది ల్యాబ్ కెమిస్టు. లారీ డ్రైవర్లు ఆమెకు పెట్టుకున్న పేరు గీటురాయి. ఊళ్లో పొడిచెత్త ఏరించి, ముక్కలు చేయించి, బొగ్గుకు బదులు బట్టీలో మండించడానికి తెచ్చేది అతను.

"మేడమ్, మొదటి లోడు తడి అన్నారు. చెత్త తడవకుండా కప్పు వేయించాను. ఇవాళేమొచ్చింది?"

"క్లోరిన్ ఎక్కువ."

"కాస్త సర్దుకోలేరా?"

"కూరలో ఉప్పెక్కువైతే ఏరి తీస్తారా మీరు?"

"నా మొహం నచ్చక అంటున్నారేమో!"

"మీ మొహాన్ని ఇంకా పరీక్షించలేదు."

డ్రైవర్లు గొల్లుమన్నారు. వానలో కూడా అతని చెవులు వేడెక్కాయి.

మూడో లోడు కూడా తిరిగొస్తే ఒప్పందం రద్దు. చెత్త ఏరే యార్డు మూతపడుతుంది, అతను పని వెతుక్కుంటూ వేరే ఊరు పోవాలి. ఆ సంగతి డ్రైవరు చెప్పిన రోజు ఆమె టీ ముట్టనే లేదు.

ఆదివారం పొద్దున్నే యార్డుకు వెళ్లింది. అక్కడ పెత్తనమంతా అతని పిన్నిది. తల్లి పోయాక అతన్ని పెంచింది ఆవిడే.

"మావాడి లోడుకు వంక పెట్టేది నువ్వేనా అమ్మా? కూర్చో. టీ తాగి మరీ తిట్టు."

అతని పక్కన విడిగా ఒక గుట్ట ఉంది. ప్లాస్టిక్ చెప్పులు, రెయిన్‌కోట్లు, పైపు ముక్కలు.

"ఇవి వేరే ఎందుకు పెట్టారు?"

"మీకోసం."

"నాకా?"

"అంటే... మీ బట్టీకి. మందంగా ఉన్నవి బాగా మండుతాయి కదా! మొదటి లోడు మీకు నచ్చలేదని, రెండోదానికి ఇలాంటివే నా చేత్తో ఏరి కలిపాను. మంచి సరుకు ఇద్దామని."

ఆమెకు నవ్వూ జాలీ ఒకేసారి వచ్చాయి. తుక్కులోంచి రాగితీగ ఒకటి తీసి, పిన్ని స్టవ్ మీద ఎర్రగా కాల్చి, చెప్పుకు తాకించి, మళ్లీ మంటలో పెట్టింది. మంట ఆకుపచ్చగా లేచింది.

"ఇదీ క్లోరిన్ ఉందని గుర్తు. బట్టీ పైన గొట్టాల్లో పేరుకుని దారి మూసేస్తుంది. మీరు శ్రద్ధగా ఏరి కలిపినవన్నీ ఇవే."

"వీళ్ల బాబాయీ ఇంతే," అంది పిన్ని. "పెళ్లయిన కొత్తలో నాకు సాయమని ఇల్లంతా కడిగి, బియ్యం బస్తా తడిపాడు."

ఆమె చేతిలోంచి అతను తీగ అందుకుంటుంటే వేళ్లు తగిలాయి. ఈసారి మంట లేకుండానే ఇద్దరి మొహాలూ రంగు మారాయి. సాయంత్రం దాకా పక్కపక్కనే కూర్చుని, అనుమానం వచ్చిన ప్రతి ముక్కనూ కాల్చి చూశారు.

గురువారం మూడో లోడు వచ్చింది. ఆమె శాంపిల్ తీసుకుని నేరుగా ల్యాబ్ పెద్దాయన దగ్గరికి వెళ్లింది.

"సార్, ఇది మీరు చూడండి."

"ఏం, నీకు రాని పరీక్షా?"

"వచ్చు సార్. కానీ ఇది పాస్ కావాలని నాకు చాలా ఉంది. అలాంటప్పుడు నేను చేయకూడదు."

"ఇష్టం సరుకు మీదా, తెచ్చినవాడి మీదా?"

"సరుకు మీదైతే నేనే చేసేదాన్ని సార్."

వెనక ఏదో చప్పుడైంది. గుమ్మంలో అతను, జారిపోయిన లారీ కాగితాలు ఏరుకుంటున్నాడు.

రిజల్ట్ వచ్చేదాకా ఇద్దరూ వరండా బెంచీ మీద, మధ్యలో ఒక మనిషి పట్టేంత చోటు వదిలి కూర్చున్నారు. బయట వాన సన్నగా పడుతోంది.

"పాస్ కాకపోతే?" అన్నాడు.

"వెళ్లిపోతారు మీరు."

"ఆపరా?"

"లోడునైతే ఆపగలను. మనుషుల్ని ఆపడం నాకెప్పుడూ చేతకాలేదు."

"ఒక్కసారి చెప్పి చూడండి."

ఆమె గొంతు సవరించుకుంది. "వెళ్లకండి."

"సరే."

"అంతేనా? రిజల్ట్ రాకుండానే?"

"యార్డు లేకపోతే ఈ ఊళ్లోనే ఇంకో పని చూసుకుంటా. లారీ తోలుతా. మీరు మాత్రం రోజూ ఏదో ఒక వంక పెట్టాలి."

"అదెంత పని!"

మధ్యలోని చోటు ఎప్పుడు పోయిందో ఇద్దరికీ తెలియలేదు.

తలుపు తెరుచుకుంది. "లోడు పాస్," అన్నాడు పెద్దాయన.

బెంచీ మీద ఎవరూ కదల్లేదు. ఆయన ఇంకోసారి, కాస్త గట్టిగా చెప్పాల్సొచ్చింది.