మూడో పిలుపు

అది అమావాస్య నాటి అసురసంధ్య...

పడమటి కొండల వెనక్కి సూర్యబింబం చీముపట్టిన పుండులా ఎర్రగా జారిపోయింది. తూర్పున సముద్రం మీద కాటుక మబ్బులు గుంపులు కట్టి, ఎవరి ఆనతి కోసమో కాచుకున్నట్టు కదలక మెదలక నిలిచాయి. ఉండి ఉండి ఒక ఉరుము... నీళ్ళ అడుగున ఎవరో బండరాళ్ళు దొర్లిస్తున్నట్టు! విశాఖపట్నంలో సాగరతీరాన్ని ఆనుకున్న ఆ విశాల మైదానంలో, ఫ్లడ్‌లైట్ల స్తంభం కొసన ఒక గుడ్లగూబ వాలి ఉంది. అంత వెలుగులో, అంత జనసందోహం మధ్య ఆ నిశాచరికి ఏం పనో! కింద చేరుతున్న వేలాది తలలకేసి చూసి, మెడ తిప్పి వేదిక వైపు చూసి, అది ఒక్కసారి కూసింది. సౌండ్ చెక్ హోరులో ఆ కూత ఎవరి చెవినా పడలేదు.

రాజకుమారికి మాత్రం వినిపించింది.

అనంతగిరి పైన, కాఫీ తోటల్లో ఒదిగిన చిన్న గూడెం ఆమెది. కాఫీ పళ్ళ తొక్క తీసే యూనిట్‌లో పని. రాక్ కచేరి మొదలయ్యే ముందు రంగు కోసం కాసేపు ధింసా ఆడించాలని నిర్వాహకులు గూడెం ఆడవాళ్ళని బస్సులో రప్పించారు. రాజకుమారి ఏనాడూ సభల కోసం ఆడిన మనిషి కాదు. ఈసారి మాత్రం, జట్టుకి పెద్దదైన అప్పలనర్సమ్మ కాళ్ళావేళ్ళా పడి వరసలో చోటు సంపాదించింది. బస్సు ఘాట్ రోడ్డు దిగుతున్నంతసేపూ ఆమె సీట్లో కుదురుగా కూర్చోలేదు. చీర కొంగు మెలిపెడుతూ, విప్పుతూ, మళ్ళీ మెలిపెడుతూ...

కారణం వేదిక పక్కన ఆకాశమంత ఎత్తున నిలబెట్టిన బొమ్మ. నల్లటి బట్టలు, విరబోసుకున్న జుట్టు, నెత్తుటి రంగు పెదవులు. కింద ‘కర్ణభేరి’ అన్న బ్యాండ్ పేరు, దాని కింద ‘యామిని’ అన్న గాయని పేరు. ఆ యామిని రాజకుమారి చెల్లెలు చిట్టి!

చైత్రంలో, గూడెం మగవాళ్ళు వేటకి వెళ్ళే ఇటుకల పండగ నాడు ఆ బ్యాండ్ నాయకుడు దుర్గాప్రసాద్ గూడేనికి వచ్చాడు. కొండపాటలు రికార్డు చేసుకుంటానన్నాడు. అవతలి కొండ మీద పశువులు కాస్తున్న వాళ్ళని చిట్టి కేకేసి పిలవడం విన్నాడు. లోయ దాటి వెళ్ళి, రాతికి తగిలి, తిరిగి వచ్చిన ఆ గొంతు విని మంత్రముగ్ధుడిలా నిలబడిపోయాడు. నెల తిరక్కుండానే చిట్టి పట్నం వెళ్ళింది. మొదట్లో రోజూ ఫోన్ చేసేది. తర్వాత వారానికోసారి. చివరిసారి ఫోన్‌లో ఆమె ఒక్క మాటే అంది. చెవిలో ఎవరో మాట్లాడుతున్నారని, నిద్ర పోనివ్వడం లేదని. ఆ తర్వాత ఆ నంబరు పలకలేదు. వెతుక్కుంటూ వచ్చిన అక్కని గేటు దగ్గరే రెండుసార్లు వెనక్కి పంపేశారు.

ధింసా జట్టు కట్టుకునే పచ్చ చీర ఇప్పుడు ఆ గేట్లన్నీ తెరిపించింది. తోటివాళ్ళు కొప్పుల్లో పూలు సర్దుకుంటూ ఉండగా రాజకుమారి వేదిక వెనకనున్న గదులన్నీ తిరిగింది. చివరి గది తలుపు తోసింది.

గుప్పుమంది వాసన... గుగ్గిలం, కాలిన వెంట్రుకలు, పచ్చి నెత్తురు కలిసిన వాసన!

ఎర్రబల్బు వెలుతురులో అద్దం ముందు చిట్టి కూర్చుని ఉంది. నుదుట బూడిద రేఖలు. చెవుల చుట్టూ నల్లటి కాటుకతో గీసిన యంత్రాలు.

“చిట్టీ, నేనే. ఏటే అలగ సూత్తావు? లెగు, బేగి ఎలిపోదాం.”

చిట్టి తల నెమ్మదిగా తిరిగింది. కళ్ళలో నల్లగుడ్డు తప్ప తెలుపు లేదు. చేయి పట్టుకుంటే చలికాలం సెలయేటి రాయిలా చల్లగా తగిలింది. పెదవులు విడివడ్డాయి. లోపలినుంచి వచ్చింది ఆడగొంతు కాదు. మగగొంతూ కాదు. ఎండుటాకుల మీద పాము పాకిన చప్పుడు!

“ఈ ఇల్లు ఖాళీ చేయించి చాలా రోజులైంది.”

రాజకుమారి కెవ్వున వెనక్కి తూలింది. ఆమె భుజాన్ని ఎవరో పట్టుకున్నారు. దుర్గాప్రసాద్! ఆజానుబాహువు. మోకాళ్ళ దాకా నల్లని కోటు, వేలివేలికీ ఎముకతో చేసిన ఉంగరం. అతని మొహంలో కోపం లేదు. ఆటలో గెలవబోతున్నవాడి తీరిక ఉంది. ఆమె చెప్పినా నమ్మేవాళ్ళు లేరు గనక అతను ఏమీ దాచలేదు. గోడవారనున్న పెద్ద డ్రమ్ము మీది గుడ్డ తొలగించి చూపించాడు. పారదర్శకమైన దాని తోలు వెనక, రాగితీగలతో బిగించిన కపాలం! ఖాళీ కనుగుంటల్లో కుంకుమ... దవడల మధ్య వెలిగీ వెలగని చిన్న దీపం...

ఆ కపాలం అతనికి కర్ణపిశాచి విద్య నేర్పిన గురువుది. నేర్చుకున్న నాడే ఆ గురువు గొంతు కోసి, తలను సాధనకు వాడుకున్నాడతను. పుష్కరకాలం శ్మశానాల్లో కపాలసాక్షిగా జపించి పిశాచిని వశం చేసుకున్నాడు. కానీ ఒక్క చెవిలో గుసగుసలాడే పిశాచితో అతనికి తనివి తీరలేదు. వేల చెవుల్లో ఒకేసారి దాన్ని నిలపాలి. ఆ వేలమందీ తన కనుసన్నల్లో కదలాలి. అయితే పిలవనిదే పిశాచి ఏ చెవిలోకీ దూరలేదు. ఎవరికి వారు, తమ నోటితో, మూడుసార్లు ‘రా’ అని పిలవాలి.

పాట మధ్యలో గాయని అడుగుతుంది... ఎవరు రావాలని. జనం కేక వేస్తారు. అంతే!

“అడిగే గొంతు కొండలు దాటేదై ఉండాలి. మూడోసారి అడిగాక ఆ గొంతుతో పాటు ప్రాణమూ పోతుంది,” అన్నాడతను ఎంతో మర్యాదగా. “నువ్వు వచ్చి చూస్తావని అనుకోలేదు. ముందు వరసలో నిలబడమ్మా.”

కాపలావాళ్ళు ఆమెను బయటికి గెంటారు.

ధింసా ఎలా ఆడిందో రాజకుమారికి తెలియలేదు. పాదాలు వాటంతటవే కదిలాయి. మైదానంలో కొందరు ఈలలు వేశారు, కొందరు ఫోన్లు ఎత్తి పట్టుకున్నారు, చాలామంది అసలు చూడనే లేదు. వేదిక దిగగానే ఆమె అప్పలనర్సమ్మ చేతులు పట్టుకుని అంతా చెప్పింది. తుడుం వాయించే ముసలి గాసి కూడా విన్నాడు. పోలీసులతో చెబుదామని రాజకుమారి పరుగెత్తింది. అక్కడున్న కానిస్టేబుల్ ఆమె పెదవులు కదలడమే చూశాడు గానీ మాట వినలేకపోయాడు.

ఎందుకంటే అప్పటికే మొదలైంది!

అది సంగీతం కాదు... విస్ఫోటనం! మేడంత ఎత్తు స్పీకర్ల వరసలు ఒక్కసారిగా గర్జించాయి. కాళ్ళ కింద నేల దడదడలాడింది. గిటార్ తీగలు కత్తుల్లా గాలిని చీరుతున్నాయి. పొగ, మెరుపు దీపాలు, చెమట, ఎగిరెగిరి పడుతున్న యువజనసముద్రం! డ్రమ్ము దగ్గర కూర్చున్నది దుర్గాప్రసాద్. అతను కొట్టిన ప్రతి దెబ్బకీ తోలు వెనక కపాలం దవడలు తెరిచి మూసుకుంటున్నాయి. అదేదో అలంకారమనుకుని జనం కేరింతలు కొట్టారు. రాజకుమారి గుండె తన లయ మరిచిపోయి ఆ దెబ్బల వెంట పరుగెత్తసాగింది. పళ్ళు కదులుతున్నాయి, కడుపులో పేగులు కదులుతున్నాయి... నిలబడలేదు, కూర్చోలేదు, చెవులు మూసుకున్నా ఆ హోరు ఎముకల గుండా లోపలికి వస్తోంది!

చిట్టి మైకు ముందుకు వచ్చింది. పాట ఆగింది. డ్రమ్ము ఒక్కటే... ధన్... ధన్... ధన్...

“ఎవరు రావాలి?”

ఆ గొంతు మైదానాన్ని దాటి, నడిసముద్రాన్ని తాకి తిరిగి వచ్చింది.

“నువ్వే రా!” వేల కంఠాలు!

తెల్లటి దీపాలన్నీ పసుపు రంగుకి తిరిగాయి. కెరటాల చప్పుడు ఆగిపోయింది. జనం ఎగరడం మానలేదు గానీ నవ్వులు మాత్రం ఆగాయి.

“ఎవరు రావాలి?”

“నువ్వే రా!”

అప్పుడు చూసింది రాజకుమారి ఆ భీకర దృశ్యం... మైదానం నిండా ఉన్న తలలన్నీ ఒక్కసారిగా ఎడమ పక్కకి వాలాయి! చెవి దగ్గర ఎవరో రహస్యం చెబుతుంటే వింటున్నట్టు. ఆ పెదవులన్నిటి మీదా ఒకే చిరునవ్వు. జనంతో పాటు కేక వేసిన కానిస్టేబుల్ తల కూడా వాలి ఉంది. చిట్టి ముక్కులోంచి నెత్తురు సన్నటి ధారగా కారి గడ్డం మీద పడుతోంది.

అప్పలనర్సమ్మ రాజకుమారి నడుం వెనగ్గా చేయి పోనిచ్చి పట్టుకుంది. చెవి దగ్గర నోరు పెట్టి చెప్పింది.

“గుంటని ఒంటరిగా వొగ్గేయకూడదు. వరస కట్టండి.”

ఆడవాళ్ళంతా వీపుల వెనక చేతులు పెనవేసుకున్నారు. గాసి తుడుం మెడకి తగిలించుకున్నాడు. పచ్చచీరల వరస వేదిక ఎక్కుతుంటే, ఇదీ కార్యక్రమంలో భాగమే అనుకుని కాపలావాళ్ళు తప్పుకున్నారు. పాములా మెలి తిరుగుతూ ఆ వరస చిట్టిని చుట్టేసింది. రాజకుమారి ఎడమచేయి చెల్లెలి నడుం చుట్టి బిగుసుకుంది. మంచుగడ్డను కౌగిలించుకున్నట్టు భుజం దాకా తిమ్మిరెక్కింది. వదల్లేదు!

దుర్గాప్రసాద్ కళ్ళు ఎర్రబడ్డాయి. అతను రెట్టించిన వేగంతో డ్రమ్ము మోదాడు. ఆ హోరులో గాసి తుడుం వినపడనే లేదు. ఒక్కొక్క దెబ్బకీ ఒక్కొక్కరుగా ఆడవాళ్ళు మోకాళ్ళ మీద కూలుతున్నారు. చిట్టి ఛాతీ పైకి లేచింది... ఊపిరి నిండుతోంది... మూడో పిలుపు!

రాజకుమారికి మంత్రాలు రావు. కొండ మీద ఆడవాళ్ళు దేవతతో మాట్లాడేది మంత్రాలతో కాదు, ఇంటి పెద్దదానితో దెబ్బలాడినట్టే మాట్లాడతారు. ఆమె పడమటి దిక్కుకి, చీకట్లో కానరాని తన కొండల దిక్కుకి మొహం తిప్పింది.

“అమ్మా జాకరమ్మా, కొత్త కొర్ర నీకెట్టకుండా మేం ఏనాడూ నోట ఎట్టనేదు. ఆ పోడు నీది, ఆ ఊట నీది, మా గొంతులూ నీయే. నీ గుంటని ఎవుడో ఎత్తుకుపోతన్నాడు. సూత్తా కూకున్నావేటి?”

పడమటి ఆకాశం ఫెళ్ళున చీలింది!

సముద్రపు గాలికి ఎదురుగా మరో గాలి వచ్చింది. తడిసిన మట్టి, కాఫీపూలు, అడవి పసుపు వాసనలతో, ఘాట్ రోడ్డు వంపులన్నీ దిగి వచ్చినంత రొప్పుతో వచ్చింది. రాజకుమారి అరికాళ్ళలోంచి ఏదో వెచ్చగా పైకి పాకింది. మోకాళ్ళు, నడుం, వెన్ను... ఒళ్ళు పర్వతమంత బరువెక్కింది. తలలో తనకంటూ మిగిలిన చిన్న మూలలో నిలబడి ఆమె భయంభయంగా చూస్తూ ఉండిపోయింది. తన కుడిచేయి తనకు తెలియకుండానే లేచింది.

శబ్దం ఆగిపోయింది.

స్పీకర్ల దీపాలు వెలుగుతూనే ఉన్నాయి. గిటారిస్టుల వేళ్ళు తీగల మీద కదులుతూనే ఉన్నాయి. దుర్గాప్రసాద్ కర్రలు డ్రమ్మును బాదుతూనే ఉన్నాయి. కానీ చప్పుడు లేదు... సృష్టి పుట్టక మునుపటి నిశ్శబ్దం! చిట్టి నోరు తెరుచుకుంది. అందులోంచి మాట రాలేదు.

ఆ నిశ్శబ్దంలో రాజకుమారి నోట ఒక గొంతు పలికింది. అది ఆమె గొంతు కాదు. కొండలోపలి గుహలన్నీ కలిసి పలికినట్టుంది.

“నా బిడ్డ గొంతు దొంగిలించినోడెవుడు?”

దుర్గాప్రసాద్ లేచి నిలబడ్డాడు. పెదవులు మంత్రాలు గొణుగుతున్నాయి. వాటికీ చప్పుడు లేదు. చిట్టి చెవుల్లోంచి నల్లటి పొగ రెండు పాయలుగా బయటికి వచ్చింది. మైదానం మీద కమ్ముకున్న చీకటి కూడా వచ్చి ఆ పాయల్లో కలిసింది. దిక్కు తోచని జంతువులా అది వేదిక మీద సుడులు తిరిగింది. గిటారిస్టులని ఒక్కొక్కరినే తాకి, వదిలేసింది. పిలుపు పూర్తి కాలేదు. ఏ చెవిలోనూ దానికి చోటు లేదు.

“పిలిసినోడి ఇంటికే పో,” అంది జాకరమ్మ.

ఆ మైదానంలో దాన్ని మూడుసార్లు తన నోటితో పిలిచినవాడు ఒక్కడే ఉన్నాడు!

పొగ రెండు శూలాలై దుర్గాప్రసాద్ రెండు చెవుల్లోకీ దూరింది. అతను చెవులు మూసుకున్నాడు. మోకాళ్ళ మీద పడ్డాడు. అతని అరుపు మాత్రం అందరికీ వినిపించింది. ఆ నిశ్శబ్దంలో అదొక్కటే వినిపించింది.

“ఆపండి... ఎవరైనా ఆపండి... ఆ మోత ఆపండి...”

ఎవరూ ఏ చప్పుడూ చేయడం లేదు. వేలమంది ఊపిరి బిగబట్టి చూస్తున్నారు. అతను మాత్రం తలను నేలకేసి మోదుకుంటూ, గోళ్ళతో చెవులు పెరుక్కుంటూ, వేదికంతా దొర్లాడు. డ్రమ్ము తోలు నిలువునా చీలింది. రాగితీగలు తెంచుకుని కపాలం దొర్లుకుంటూ వచ్చి అతని మొహానికి ఎదురుగా ఆగింది. దాని దవడలు కదిలాయి. అది ఏం చెప్పిందో వినగలిగినవాడు అతనొక్కడే! చెవుల్లోంచి నల్లటి నెత్తురు చిమ్మింది. అతని దేహం విల్లులా వంగి, ఫట్‌మని విరిగి, కదలిక మానింది. కపాలం పిడికెడు బూడిదై గాలికి కొట్టుకుపోయింది.

అప్పుడు కెరటం ఒకటి ఒడ్డున విరిగిన చప్పుడైంది. వాన మొదలైంది. వాలిన తలలు ఒక్కొక్కటే నిటారుగా లేచాయి. ఎందుకు ఏడుస్తున్నారో తెలియకుండా జనం ఏడుస్తున్నారు.

రాజకుమారి చెల్లెలి మీద కూలబడింది. అప్పలనర్సమ్మ ఇద్దరినీ చెరో రెక్కా పట్టి లేపి బస్సు ఎక్కించింది.

కరెంటు లోపం వల్ల ప్రమాదమని మర్నాడు టీవీలు చెప్పాయట. గూడెంలో ఎవరూ ఆ వార్త పట్టించుకోలేదు. ఆ రాత్రి బస్సు ఘాట్ రోడ్డు ఎక్కుతున్నంతసేపూ రాజకుమారి చెల్లెలి అరచేతులు రుద్దుతూనే ఉంది. ఆ ఒంట్లో చల్లదనం తగ్గలేదు. పిలిస్తే పలుకు లేదు. కళ్ళు మూతపడే ఉన్నాయి. ప్రాణం దక్కినా లోపలున్నది ఎవరో, అసలు ఎవరైనా ఉన్నారో లేదో తెలియక ఆమె ప్రతి మలుపులోనూ వంగి ఆ ముక్కు దగ్గర చెవి పెట్టి వింది.

తెల్లారేసరికి బస్సు దిగి, మంచులో తడుస్తూ, గూడెం మొదట్లో ఉన్న జాకరమ్మ రాళ్ళ ముందు చిట్టిని పడుకోబెట్టారు. గాసి తుడుం మీద ఆనిన చేయి తీయలేదు. ఎండ కాఫీ చెట్ల సందుల్లోంచి దిగి ఆ పిల్ల పాదాల మీద పడింది, తర్వాత మోకాళ్ళ మీద, తర్వాత మొహం మీద.

కనురెప్పలు అదిరాయి. నల్లగుడ్డు చుట్టూ తెలుపు కనిపించింది. చిట్టి చుట్టూ చూసి, పెదవులు తడుపుకుంది. గొంతు రాసుకుపోయి, బొంగురుపోయి, చితికిపోయి ఉంది. కానీ అది చిట్టి గొంతే.

“అక్కా,” అంది, “ఆకలేత్తంది.”