ఇనుప పలక కింద మూడు దెబ్బలు

2019, మే నెల. ఎండ మండిపోతున్న ఆదివారం మధ్యాహ్నం. మిగతా రోజుల్లో తార్నాక రోడ్డు మీది బస్సులకే నేల అదురుతుంది. అందుకే మా పని సెలవు రోజున.

యూనివర్సిటీలో, మాణికేశ్వర్ నగర్ గోడ పక్కన ఖాళీ జాగా. జ్యోతిర్మయి భూగర్భ జలాల మీద పరిశోధన చేస్తున్న అమ్మాయి. రాయి ఎంత లోతులో ఉందో చూడాలి. ఆమె శాఖలోనే అటెండరుగా చేసి రిటైరైన నేను ఇనుప పలక మీద సమ్మెటతో కొడతాను. నేలలో వరసగా గుచ్చిన పన్నెండు జియోఫోన్లు ఆ అదురును పట్టుకుంటాయి. లాప్‌టాప్‌లో ఒక్కోదానికి ఒకటి చొప్పున పన్నెండు గీతలు ఎగురుతాయి.

“రిటైరై ఆరేండ్లాయె. ఇంకా సమ్మెట ఇడువవా తాతా?”

“నీకు డాక్టర్ పట్టా వచ్చేదాక ఇడువ. కొట్టాల్నా?”

“కొట్టు.”

కొట్టాను.

“ఒక్కటి కొట్టమంటే నాలుగు కొట్టినవేంది?”

“ఒక్కటే కొట్టిన బిడ్డా.”

మళ్ళీ ఒక్కటి కొట్టి, సమ్మెట ఎత్తి పట్టుకున్నాను. గీతలు మరో మూడుసార్లు ఎగిరాయి. కింది నుంచి.

సమ్మెట కింద పెట్టేశాను.

1979లో ఆ జాగాలోనే నేనూ మా తమ్ముడు నరహరీ బావి తవ్వాం. లోపలున్నవాడు గడ్డపారతో రాతి మీద మూడుసార్లు కొడితే పైకి లాగమని గుర్తు. ఆ రోజు మూడు దెబ్బలు విన్నాను. లాగుతుండగా ఒడ్డు కూలింది. తాడు వదిలేసి పరుగెత్తాను. మేస్త్రీ ఆ సాయంత్రమే బావి పూడ్పించాడు. తమ్ముడు బొంబాయి పోయాడని అమ్మకు చెప్పాను. రాత్రి బడిలో అక్షరాలు దిద్దుకుని నేను మొదట రాసింది, వాడి పేరుతో అమ్మకు ఉత్తరం.

ఎవరికీ చెప్పని ఈ సంగతి జ్యోతిర్మయికి చెప్పేశాను.

“నలభై ఏండ్లాయె తాతా... పోదాం పా. నాకు భయమైతున్నది.”

“పిలుస్తున్నడు బిడ్డా. మళ్ళ ఇడిచిపెట్టి పోవాల్నా?”

గడ్డపార అందుకుని తవ్వాను. చినుకు పడి నెలలైంది. అయినా తడి బురద వాసన... మూరెడు లోతులో తాడు కొస కనిపించింది. కొత్త తాడు. నీళ్ళు కారుతున్నాయి.

చేతికి చుట్టుకుని గుంజాను. బరువు కదిలింది. ఒక్కడి వల్ల కాలేదు.

“జర పట్టు బిడ్డా. నీకు దండం పెడుత.”

ఆమె ఏడుస్తూనే వచ్చి నా వెనక తాడు పట్టుకుంది. గుంజాం. ఇంకా గుంజాం... నేలలో ఎవరో ఊపిరి పీల్చారు.

తాడు వదులైంది. వెల్లకిలా పడ్డాను. చేతిలో తాడు లేదు. వెనక జ్యోతిర్మయి లేదు. ఆమె నిలబడ్డ చోట మట్టి తడిసి ఉంది.

లాప్‌టాప్‌లో మొదటి గీత ఎగిరింది. తర్వాత రెండోది... మూడోది... ఎవరో నడుస్తున్నట్టు. ఆ వెనకే ఇంకొకరు. పైన జియోఫోన్ల వరస పక్కన ఎవరూ లేరు. పన్నెండో గీత ఎగిరింది. ఆగింది. పన్నెండో జియోఫోన్ అవతల తార్నాక గేటు.

పోలీసులు మిషన్‌తో తవ్వించారు. ఎనిమిది అడుగుల నుంచి చెక్కుచెదరని రాయి. ఇక్కడ ఎప్పుడూ బావి లేదన్నారు.

జ్యోతిర్మయి దొరకలేదు. ఆమెకు ఇరవై ఏడేళ్ళు.