నిలబడిపోయిన మనిషి

“ఎల్లుండి పొద్దున మీ బావ చచ్చిపోతాడు,” అన్నాడు కల్నల్ బెర్సెనెవ్, గ్లాసులోని టీలో చెర్రీ జామ్ కలుపుకుంటూ. “నువ్వు అడ్డుపడకపోతే.”

మేజర్ గ్లేబ్ సవేల్యెవ్ చేతిలోని ఫైలు మూసేశాడు. కల్నల్‌కి వేళాకోళం అలవాటు లేదు. ఆయన నవ్వగా చూసినవాడు మాస్కోలోని ఆ డిపార్ట్‌మెంట్‌లో ఒక్కడూ లేడు.

“టెస్ట్ పైలట్ తిమొఫేయ్ లుచ్‌కోవ్. మీ అక్క తమారా మొగుడు. అవునా?”

“అవును.”

“స్టెప్పీ గడ్డిమైదానాల్లోని ఆయుధాల రేంజ్‌లో కొత్త క్షిపణి పరీక్ష. చూడ్డానికి ఇక్కణ్ణుంచి కమిషన్ వెళ్తోంది. వాళ్ల కళ్లెదుటే హెలికాప్టర్ గాల్లో పేలిపోవాలని హాల్‌వర్డ్ ప్లాన్.”

హాల్‌వర్డ్ పేరు గ్లేబ్‌కి కొత్త కాదు. ఓ పశ్చిమ దేశపు వాణిజ్య ప్రతినిధినని చెప్పుకుంటూ, ట్రాక్టర్లు అమ్ముతున్నట్టు నటిస్తూ, మనుషుల్ని కొనుక్కునే రకం. ఆ క్షిపణి కథ కూడా గ్లేబ్‌కి కొంత తెలుసు. పాత క్షిపణి తన వెనకాల వెంట్రుకంత సన్నటి తీగను లాక్కుంటూ పోయేది. గన్నర్ ఆజ్ఞలు ఆ తీగ వెంటే వెళ్లాలి. అది ట్యాంకును తాకేదాకా హెలికాప్టర్ దాదాపు ఒకే చోట వేలాడుతూ ఉండాలి. కింద తుపాకీ పట్టుకున్నవాడికి అంతకన్నా తేలికైన గురి దొరకదు. కొత్త క్షిపణికి తీగ లేదు. అది రేడియో మాట వింటుంది, ధ్వని కన్నా వేగంగా పోతుంది. గన్నర్ గురిచుక్కను ట్యాంకు మీద నిలిపి ఉంచితే చాలు, హెలికాప్టర్ దూసుకుపోతూనే ఉండొచ్చు. పరీక్ష నెగ్గితే ముందు ముందు ఎందరో పైలట్లు ఇంటికి తిరిగొస్తారు. అది కమిషన్ ముందే పేలిపోతే మాత్రం చాలా ఏళ్లపాటు దాని ఊసెత్తేవాడుండడు.

“పరీక్ష ఆపేయండి,” అన్నాడు గ్లేబ్.

“ఆపితే రేంజ్ లోపలున్న హాల్‌వర్డ్ మనిషి లోపలే ఉండిపోతాడు. ఇంకోసారి ప్రయత్నిస్తాడు. అప్పుడు మనకి కబురు కూడా అందదు. వాడి కోడ్‌నేమ్ ‘చేప’. అంతకుమించి తెలియదు.”

“సొంతవాళ్ల కేసు ఇవ్వడం రూలు కాదు కదా.”

“రూలు నాకూ తెలుసు. ఏదైనా తప్పు జరిగితే మీ అక్కకి నువ్వే వెళ్లి చెప్పుకోవాలి. అంతకన్నా గట్టి కాపలా నా దగ్గర లేదు.”

అమ్మ పోయాక గ్లేబ్‌ని ఎత్తుకుని పెంచింది తమారాయే. ఆ ముఖం గుర్తు రాగానే అతను కేసు ఒప్పుకున్నాడు.

కల్నల్ ఒక నల్లటి పెన్ను ముందుకు తోశాడు. మూత కుడివైపు తిప్పి నొక్కితే పరీక్ష ఆపమని చెప్పే ఎర్రటి మంటసంకేతం, ఫ్లేర్, పైకి ఎగురుతుందట. వర్క్‌షాప్ వాళ్లు ఏడాదంతా కష్టపడి చేశారట. గ్లేబ్ దాన్ని కాగితం మీద గీసి చూశాడు.

“ఇది రాయడం లేదు, కామ్రేడ్ కల్నల్.”

“రాయడానికి ఇచ్చింది కాదు.”

“రాయని పెన్ను జేబులో పెట్టుకు తిరిగితే అనుమానపడరా?”

“నీ చేతిరాత చూసినవాళ్లెవరూ పడరు,” అన్నాడు కల్నల్ చాలా సీరియస్‌గా.

ఆ మర్నాటి సాయంత్రానికి గ్లేబ్ లేడు. అతని చోట కొజిన్ అనే న్యూస్‌రీల్ కెమెరామన్ తయారయ్యాడు. మందపాటి కళ్లద్దాలు, మోచేతుల దగ్గర అరిగిన కోటు, మెడలో కెమెరా. రేంజ్ ఆఫీసర్ల క్లబ్బులో కమిషన్ గౌరవార్థం పాటకచేరీ జరుగుతోంది. వేదిక మీద వెండిరంగు గౌనులో ఇంగా పాడుతుంటే ముందు వరసలో జనరల్‌గారి నోట్లో దోసకాయ ఊరగాయ ముక్క నమలకుండానే ఆగిపోయింది.

ఇంగా రీగా నుంచి వచ్చిన గాయని. ఆమె తమ మనిషని హాల్‌వర్డ్ నమ్మకం. తమ మనిషేనని కల్నల్ నమ్మకం. ఇద్దరిలో ఎవరి నమ్మకం నిజమో గ్లేబ్‌కి ఇంకా తేలలేదు. పాట అయ్యాక ఫొటో తీసే వంకతో దగ్గరికి వెళ్లాడు.

“మీ ఊళ్లో సముద్రం గడ్డకట్టిందా?”

“ఒడ్డున గట్టిగానే. లోపల ఇంకా కదులుతోంది.”

కోడ్ సరిపోయింది. ఆమె కెమెరా వైపు తిరిగి నవ్వుతూనే, పెదవులు కదిపీ కదపకుండా చెప్పుకుపోయింది. చేప తన పని ముగించేశాడు. ఎక్కడ, ఏమిటి అన్నది హాల్‌వర్డ్ ఆమెకు చెప్పలేదు. ఆమె అతని గదిలో ఉండగానే చేప నుంచి ఫోన్ వచ్చింది. ఫోన్‌కి మఫ్లర్ అడ్డం పెట్టాడేమో, మనిషి ఎవరో పోల్చుకోలేకపోయింది.

“ఏమన్నాడు?”

“ఒకటే అడిగాడు. పైలట్‌కి ఏమీ కాదు కదా అని. ఏమీ కాదు, క్షిపణి కదలకుండా ఉండిపోతుంది, అంతే అన్నాడు హాల్‌వర్డ్. ఫోన్ పెట్టేసి నవ్వాడు.”

“అవతలివాడు నమ్మాడా?”

“నమ్మాలని చూశాడు.”

“నువ్వు ఎవరి మనిషివి, ఇంగా?”

ఆమె నవ్వు చెదరలేదు. “ఈ గౌను వాళ్లు కొన్నారు. లోపల వణుకుతున్నది మీ మనిషి.”

గ్లేబ్ ఆ రాత్రి సరిగా నిద్రపోలేదు. పైలట్ క్షేమం అడిగాడంటే తిమొఫేయ్ అంటే ఇష్టం ఉన్నవాడే. కానీ రేంజ్‌లో తిమొఫేయ్ అంటే ఇష్టం లేనిది ఎవరికి? వంటగది ఆడవాళ్లు కూడా అతనికి ఒక గరిటె ఎక్కువే వడ్డిస్తారు. అనుమానించడానికి దొరికింది ఒక్కడు, రేడియో ఇంజనీర్ రోగొవ్. శరదృతువులో లెనిన్‌గ్రాద్ నుంచి కొత్తగా వచ్చాడు. తాగడు, చేపలు పట్టడానికి పోడు, ఎవరితోనూ కలవడు. పరాయి దేశంలో శిక్షణ పొంది రష్యన్ వేషంలో తిరిగేవాడు ఎక్కడో ఒక చోట మన పద్ధతి మరిచిపోతాడు, అప్పుడు పట్టుకోవచ్చని గ్లేబ్ లెక్క వేసుకున్నాడు.

తెల్లారాక హెలికాప్టర్ చుట్టూ తిరిగి, ఫిల్మ్ తీస్తున్నట్టు నటిస్తూ, రెక్క కింద వేలాడుతున్న క్షిపణి గొట్టాలను పరీక్షగా చూశాడు. మొదట ప్రయోగించాల్సిన క్షిపణి ఉన్న గొట్టం మీద మత్వేయ్ ఇల్యిచ్ సీలు చెక్కుచెదరకుండా ఉంది. ఆ సీలు ఉంటే రేంజ్‌లో ఎవరూ మళ్లీ విప్పి చూడరు. మత్వేయ్ ఇల్యిచ్ డిప్యూటీ డిజైనర్, పాత తీగ క్షిపణిని కన్నతండ్రి. తిమొఫేయ్‌కి గాల్లోంచి గురి పెట్టడం నేర్పింది ఆయనే. గ్లేబ్ ఆ సీలు చూసి నిశ్చింతగా ముందుకు నడిచాడు.

బయలుదేరే ముందు అందరూ రన్‌వే పక్కనున్న చెక్క గదిలో చేరారు. బయట ఊపిరి గడ్డకట్టే చలి. లోపల ఇనప పొయ్యి ఎర్రగా కాలుతోంది. ఆ వేడికి గ్లేబ్ కళ్లద్దాల మీద ఆవిరి పట్టింది, వీపు మీద చెమట కారింది. తిమొఫేయ్ హెల్మెట్ చంకలో పెట్టుకుని అతని వైపు తిరిగాడు. బావమరిదిని ఎరగనట్టు ఉండమని ముందే చెప్పారు. ఎరగనట్టు ఉన్నాడు గానీ ఊరికే ఉండలేకపోయాడు.

“కెమెరా బాబూ, నా ముక్కు బాగా రావాలి. మా బామ్మర్ది ఒకడున్నాడు, వాడు ఫొటో తీస్తే ఎప్పుడూ నా తల ఎగిరిపోతుంది.”

అందరూ నవ్వారు. గ్లేబ్ పళ్లు నూరుకున్నాడు.

ఇక కూర్చునే వేళయింది. అది పాత రష్యన్ ఆచారం. ఎవరైనా ప్రయాణం కడితే, ఉన్నవాళ్లంతా ఒక్క నిమిషం మాట్లాడకుండా కూర్చోవాలి. అలా చేస్తే వెళ్లినవాడు క్షేమంగా తిరిగొస్తాడని నమ్మకం. దేవుడు లేడని సభల్లో ఉపన్యాసాలిచ్చే పార్టీ కార్యదర్శి కూడా దీనికి మాత్రం గబగబా కుర్చీ వెతుక్కుంటాడు. రోగొవ్ ఇదేం చాదస్తమని గొణిగాడు. గొణుగుతూనే అందరికన్నా ముందు కూర్చుని టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. గ్లేబ్ కళ్లు అతని చేతుల మీదే ఉన్నాయి.

“మత్వేయ్ ఇల్యిచ్, రండి,” అని తిమొఫేయ్ బెంచీ మీద జరిగి చోటిచ్చాడు. ఏ పరీక్షకైనా “కూర్చుందాం పిల్లలూ” అని మొదట అనేది ఆ పెద్దాయనే.

“పొయ్యి ఆరిపోయేలా ఉంది నాయనా. మీరు కానివ్వండి.”

ఆయన అటు తిరిగి పొయ్యిలో కట్టెలు ఎగదోస్తూ ఉండిపోయాడు. నిమిషం గడిచింది. తిమొఫేయ్ లేచి, గన్నర్ భుజం తట్టి, బయటికి నడిచాడు.

హెలికాప్టర్ లేచి స్టెప్పీ అంచు దాకా వెళ్లింది. రేంజ్‌లోని రేడియోలన్నీ కట్టేశారు. క్షిపణి రేడియో ఆజ్ఞలకు లొంగేది కాబట్టి, దాడికి దిగాక ఇంకో గొంతు గాల్లో ఉండకూడదు. ఇప్పుడు తిమొఫేయ్‌ని వెనక్కి పిలవాలంటే దారి ఒక్కటే, ఎర్ర ఫ్లేర్. దాన్ని పేల్చే పిస్టల్ మత్వేయ్ ఇల్యిచ్ నడుముకి ఉంది. దూరంగా మంచులో పాత ట్యాంకు ఒకటి గురిగా నిలబెట్టి ఉంది. కమిషన్ పెద్దలు బైనాక్యులర్లు ఎత్తారు.

గ్లేబ్ కెమెరా మంచె మీద నుంచి రోగొవ్‌ని చూశాడు. రోగొవ్ గోళ్లు కొరుక్కుంటున్నాడు. పెళ్లికూతురు తండ్రిలా కంగారు పడుతున్నాడే తప్ప కళ్లలో దొంగచూపు లేదు. లెన్స్ పక్కకి జరిపాడు. మత్వేయ్ ఇల్యిచ్ మిగతా వాళ్లకు దూరంగా, అంత చలిలో టోపీ లేకుండా నిలబడి ఉన్నాడు. ఆయన చెయ్యి మెల్లగా నుదుటికి, ఛాతీకి, కుడి భుజానికి, ఎడమ భుజానికి కదిలింది. చచ్చినవాళ్ల కోసం ముసలమ్మలు వేసుకునే సిలువ అది.

పొయ్యి ఆరిపోయేలా ఉందా? ఆ గదిలో చెమటలు పట్టాయి. పొయ్యి భగభగా మండుతోంది.

గ్లేబ్ మంచె మీద నుంచి ఒక్క దూకు దూకాడు. మోకాలు మెలిపడినా ఆగలేదు. స్టెప్పీ అవతల హెలికాప్టర్ తిరిగి, ముక్కు కిందికి దించి, దాడికి వస్తోంది.

“మీరెందుకు కూర్చోలేదు?”

మత్వేయ్ ఇల్యిచ్ అతని వైపు చూశాడు. కెమెరామన్‌కి ఇదెందుకని అడగలేదు. ఎవరో ఒకరు అడగాలని ఎదురుచూస్తున్నవాడిలా ఉన్నాడు.

“వాడు తిరిగి రావాలని కోరుకుంటూ కూర్చోవాలి కదా. నేనెలా కూర్చోను?”

“ఏం చేశారు?”

“గొట్టం ముందు మూత అతికించేశాను. తెరుచుకోదు. కదలదు అంతే అన్నారు వాళ్లు. నేను ఇంజనీర్ని. లోపలే పేలుతుందని నాకు తెలియదా?”

గ్లేబ్ ఆయన నడుము నుంచి పిస్టల్ లాక్కుని నొక్కాడు. ఉత్త చప్పుడు వచ్చింది.

“తూటాలు లేవు. మంచులో పాతేశాను.”

హెలికాప్టర్ మోత నేలలోంచి కాళ్లకు తెలుస్తోంది. గ్లేబ్ జేబులోంచి పెన్ను తీసి, మూత తిప్పి నొక్కాడు. ఏమీ కాలేదు. ఎడమవైపు తిప్పానని అప్పుడు తట్టింది. వేళ్లు కొయ్యబారిపోయాయి, మూత చలికి బిగుసుకుపోయింది. అక్క ముఖం కళ్లముందు ఆడింది. మూతను పళ్లతో పట్టి కుడివైపు మెలితిప్పి, చెయ్యి పైకెత్తి నొక్కాడు.

ఎర్రటి నిప్పు ఆకాశాన్ని చీల్చుకుంటూ పోయింది.

గన్నర్ వేలు అప్పటికే మీట మీద ఉందని తర్వాత తెలిసింది. హెలికాప్టర్ ముక్కు ఎత్తి, ఒళ్లంతా వణుకుతూ పక్కకి తిరిగి, కమిషన్ పెద్దల టోపీలు ఎగరగొడుతూ తల మీంచి వెళ్లిపోయింది. ఎవడా వెధవ ఫ్లేర్ వేసిందని జనరల్ గుడ్లురిమాడు. గ్లేబ్ మంచులో కూలబడి, చల్లటి మూతకి అంటుకుని చిట్లిన పెదవిని చేత్తో పట్టుకుని, రోటర్ ఆగేదాకా అటే చూస్తున్నాడు.

రోగొవ్ గొట్టం విప్పాడు. మూత రాయిలా అతుక్కుపోయి ఉంది. అతను దాన్ని పట్టుకెళ్లి జనరల్ చేతిలో పెట్టాడు. ఈలోగా మాస్కో నుంచి కబురొచ్చింది. హాల్‌వర్డ్ రైలెక్కబోతుంటే స్టేషన్‌లో పట్టుకున్నారట. ఏ రైలో, ఏ పెట్టో చెప్పింది ఇంగాయేనట.

చెక్క గదిలో ఇద్దరు కాపలావాళ్ల మధ్య నిలబడ్డాడు మత్వేయ్ ఇల్యిచ్. ఆయన తన మాట తనే చెప్పుకున్నాడు. ఆ తీగను పద్నాలుగేళ్లు తన చేతులతో చుట్టాడు. కొత్తది నెగ్గిన రోజున దాన్ని చెత్తలో పారేస్తారు. ఇది ఆగిపోతే నీది బతుకుతుందని ఎవరో చెవిలో ఊదారు. డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదట. ఆ మాట అనేటప్పుడు మాత్రం ఆయన గొంతులో పాత పౌరుషం కాస్త వినిపించింది.

తిమొఫేయ్ గుమ్మంలో నిలబడి అంతా విన్నాడు. లాగి కొడతాడని గ్లేబ్ అనుకున్నాడు. అతను మెల్లగా వచ్చి బెంచీ మీద కూర్చున్నాడు.

“వ్యాన్ సిద్ధంగా ఉందా?” అని కాపలావాణ్ణి అడిగాడు.

“ఉంది. మాస్కో దాకా.”

“దూరప్రయాణమే.” తిమొఫేయ్ పక్కకి జరిగాడు. “కూర్చోండి, మత్వేయ్ ఇల్యిచ్.”

మొదట రోగొవ్ కూర్చున్నాడు. తర్వాత గన్నర్. ఏం చేయాలో తోచక కాపలావాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకుని, వాళ్లూ పెట్టెల మీద కూర్చున్నారు. ముసలాయన నిలబడే ఉన్నాడు. చివరికి తిమొఫేయ్ పక్కన, బెంచీ అంచున కూర్చుని, రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. ఆ నిమిషం ఎంతసేపు సాగిందో ఎవరూ గడియారం చూడలేదు.

మధ్యాహ్నం రెండో గొట్టంతో పరీక్ష జరిగింది. దూసుకుపోతున్న హెలికాప్టర్ నుంచి వెళ్లిన క్షిపణి పాత ట్యాంకును నడిమికి చీల్చింది. సాయంత్రం గ్లేబ్ కల్నల్‌కి ఫోన్ చేశాడు.

“మంచిది,” అన్నాడు కల్నల్. “పొద్దునకల్లా పూర్తి రిపోర్టు రాసి పంపు.”

“రాయలేను, కామ్రేడ్ కల్నల్. మీరిచ్చిన పెన్ను పేలిపోయింది.”

అటువైపు నుంచి గురగురమని ఏదో వింత శబ్దం వచ్చింది. లైను చెడిపోయిందనుకుని గ్లేబ్ ఫోన్ పెట్టేశాడు. అది కల్నల్ నవ్వని అతనికి వారం తర్వాత గానీ తెలియలేదు.